మేమూ బానిసలమే అన్నంత మాత్రాన చుట్టాలైపోతామా?

ఐర్లండ్ నాయకులు ఆఫ్రికా గురించి మాట్లాడేటప్పుడు ఒక మాట తప్పకుండా దొర్లుతుంది. మేమూ బ్రిటిష్ వాళ్ళ కింద నలిగినవాళ్ళమే, మాకూ కరువు తెలుసు, వలస తెలుసు, అందుకే మీ కష్టం మాకు అర్థమవుతుంది అని. డబ్లిన్‌లో ఉంటూ ఈ మాట వినీ వినీ నాకు దాదాపు కంఠస్థం అయిపోయింది. అబద్ధమని అనను. 1845లో మొదలైన బంగాళాదుంప తెగులు కరువులో సుమారు పది లక్షల మంది చచ్చిపోయారు, దగ్గర దగ్గర అంతే మంది ఓడలెక్కి వెళ్ళిపోయారు. ఆ దెబ్బ నుంచి ఈ దేశ జనాభా ఇప్పటికీ కోలుకోలేదు. తాతల కాలం నాటి ఆకలి గుర్తుండి పరాయి దేశానికి చెయ్యి అందిస్తామంటే కాదనడానికి మనమెవరం?

కానీ ఉగాండా పేరెత్తినప్పుడు కూడా ఇదే పల్లవి అందుకుంటే మాత్రం నాకు ఇబ్బందిగా ఉంటుంది. ఐర్లండ్ వాళ్ళు అక్కడ మొదట అడుగుపెట్టింది సాటి బాధితులుగా కాదు, బ్రిటిష్ జెండా నీడలో. ఆ సంగతి దాచేస్తే ఆ తర్వాత వాళ్ళు చేసిన నిజమైన మంచి పని ఎందుకు నిలబడిందో కూడా మనకి అర్థం కాదు.

కథ 1892 జనవరిలో కంపాలా పక్కన మెంగో కొండ దగ్గర మొదలవుతుంది. ఇవాళ్టి ఉగాండాలో భాగమైన బుగాండా రాజ్యంలో కాథలిక్కులకీ ప్రొటెస్టెంట్లకీ యుద్ధం జరిగింది. పైకి దేవుడి గొడవ, లోపల అధికారం గొడవ. కాథలిక్కులకి ఫ్రెంచి ఫాదర్ల అండ, ప్రొటెస్టెంట్లకి ఇంగ్లీషు మిషనరీల అండ. జనం కూడా ఆ రెండు వర్గాల్నీ ఫ్రాన్సు వాళ్ళు, ఇంగ్లీషు వాళ్ళు అనే పిలిచేవారు. బ్రిటిష్ సైనికాధికారి కెప్టెన్ లుగార్డ్ తన మాక్సిమ్ మెషిన్‌గన్‌తో ఇంగ్లీషు వాళ్ళ వైపు నిలబడ్డాడు, దాంతో ఫలితం తేలిపోయింది. 1894లో ఉగాండా బ్రిటిష్ రక్షిత రాజ్యమైంది. అయితే కాథలిక్ అంటే ఫ్రెంచివాడే అన్న ముద్ర అలాగే ఉండిపోతే పాలించేవాడికి తలనొప్పే కదా. ఇంగ్లీషు మాట్లాడే కాథలిక్ ఫాదర్లుంటే ఆ ముద్ర పోతుంది. అలా లండన్ దగ్గరి మిల్‌హిల్ సొసైటీ ఫాదర్లు 1895లో బిషప్ హాన్లన్ వెంట వచ్చి న్సాంబ్యా కొండ మీద దిగారు. వాళ్ళకి తోడుగా సిస్టర్లు కావాల్సి వచ్చినప్పుడు ఐరిష్ అమ్మాయిలు వచ్చారు. అంటే ఇంగ్లీషు మాట్లాడే కాథలిక్కులు అన్న ఖాళీ ఒకటి ఉంది, ఆ ఖాళీలోకి ఐర్లండ్ సరిగ్గా ఇమిడిపోయింది.

ఈ మిల్‌హిల్ పేరు మా గుంటూరు జిల్లా వాళ్ళకి కొత్తేమీ కాదు. 1870ల నుంచి మద్రాసు ప్రెసిడెన్సీ తెలుగు ప్రాంతాల్లో పనిచేసింది ఆ ఫాదర్లే. ఫిరంగిపురం, నెల్లూరు వైపు పాత చర్చిల చరిత్ర తిరగేస్తే వాళ్ళే కనిపిస్తారు. ఒకే లండన్ ఆఫీసు నుంచి ఒక బృందం నైలు నది వైపు, ఇంకో బృందం మన వైపు.

న్సాంబ్యాకి 1903 జనవరిలో ఆరుగురు సిస్టర్లు వచ్చారు. వాళ్ళలో ఒకామె అసలు పేరు తెరెసా కెర్నీ. 1875లో విక్లో కౌంటీ, ఆర్క్‌లో దగ్గర పుట్టింది. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే అమ్మమ్మ పెంచింది. మఠంలో చేరాక సిస్టర్ కెవిన్ అయింది, ఉగాండా వాళ్ళ నోట్లో పడి మామా కెవీనా అయింది. మొదటి దవాఖానా ఒక మామిడిచెట్టు కింద. అప్పట్లో విక్టోరియా సరస్సు ఒడ్డున నిద్రజబ్బు ఊళ్ళకి ఊళ్ళని తుడిచిపెడుతోంది, ఆ కొద్ది ఏళ్ళలోనే రెండు లక్షల మందికి పైగా పోయారు. ఆ చెట్టు కింద మొదలైనదే ఇవాళ కంపాలాలో పెద్ద ఆసుపత్రుల్లో ఒకటైన న్సాంబ్యా హాస్పిటల్.

మొదటి ప్రపంచ యుద్ధంలో తూర్పు ఆఫ్రికా అడవుల్లో బ్రిటిష్ సైన్యానికి సామాన్లు మోయడానికి లక్షల మంది ఆఫ్రికన్లని పట్టుకుపోయారు. తుపాకీ గుళ్ళకన్నా ఆకలితో, విరేచనాలతో చచ్చినవాళ్ళే వాళ్ళలో ఎక్కువ. మిగిలినవాళ్ళలో కొందరు న్సాంబ్యాకి వచ్చి పడ్డారు. కెవిన్ వాళ్ళకి సేవ చేసింది, అందుకు 1918 చివర్లో బ్రిటిష్ ప్రభుత్వం ఆమెకి పతకం ఇచ్చింది. అప్పటికి డబ్లిన్‌లో ఈస్టర్ తిరుగుబాటు జరిగి, దాని నాయకుల్ని బ్రిటిష్ వాళ్ళే కాల్చి చంపి రెండేళ్ళు దాటింది. ఇంకో నెలలో స్వాతంత్ర్య యుద్ధం మొదలవబోతోంది. స్వదేశంలో ఆ ప్రభుత్వంతో తుపాకులతో తలపడుతున్న జాతి మనిషి ఉగాండాలో అదే ప్రభుత్వం పతకం అందుకుంది. ఇందులో ఆమె తప్పు పట్టాల్సిందేమీ లేదు. సామ్రాజ్యంలో బతికినవాళ్ళ జీవితాలు అలాగే ఉండేవి, మన దగ్గర రావుబహదూర్లు లేరా? మేము ఎప్పుడూ మీ వైపే అన్న ఉపన్యాసంలో మాత్రం ఈ పతకం ఇమడదు, అంతే.

నన్ను ఆకట్టుకునేది ఆ తర్వాత ఆమె చేసిన పని. 1923లో ఉగాండా అమ్మాయిలతోనే ఒక సిస్టర్ల సంఘం స్థాపించింది, లిటిల్ సిస్టర్స్ ఆఫ్ సెయింట్ ఫ్రాన్సిస్. ఐరిష్ సిస్టర్లకి సహాయకులుగా కాదు, వాళ్ళ సంఘం వాళ్ళదే. ఆఫ్రికా అమ్మాయిలకి మఠ జీవితం పనికిరాదని తెల్లవాళ్ళలో చాలామంది ఖాయంగా నమ్మిన రోజులవి. న్సాంబ్యాలో డాక్టర్ ఎవెలిన్ కొనోలీ చేత స్థానిక అమ్మాయిలకి నర్సింగ్, మంత్రసాని పని నేర్పించింది. ఇందులో ఒక విచిత్రం ఉంది. అప్పటి చర్చి చట్టం ప్రకారం సిస్టర్లు కాన్పులు చేయకూడదు. ఆ నిషేధాన్ని రోమ్ 1936లో గానీ ఎత్తేయలేదు. బిడ్డ అడ్డం తిరిగి తల్లి ప్రాణం మీదకొస్తే పక్కనున్న సిస్టర్ చెయ్యి పెట్టకూడదు! అందుకే స్థానిక మంత్రసానులకి శిక్షణ ఇవ్వడం దయాదాక్షిణ్యాల సంగతి కాదు, తప్పనిసరి అవసరం. ఒక్కోసారి పిచ్చి రూలు కూడా మంచి పని చేయిస్తుంది.

మా అమ్మమ్మ వాళ్ళు జోసెఫ్ ఆసుపత్రి అనే గుంటూరు సెయింట్ జోసెఫ్స్‌ది కూడా ఇదే గొడవ. ఆస్ట్రేలియాలో ఐరిష్ సంతతిలో పుట్టిన మేరీ గ్లౌరీ అప్పటికే డాక్టరు. 1920లో గుంటూరు వచ్చి సిస్టర్ అయ్యాక కూడా వైద్యం చేయడానికి పోప్ దగ్గర ప్రత్యేక అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆమె 1943లో మొదలుపెట్టిన కాథలిక్ ఆసుపత్రుల సంఘం ప్రధాన కార్యాలయం ఇప్పుడు సికింద్రాబాద్‌లో ఉంది. ఆమె, కెవిన్, ఇద్దరూ పోయింది 1957లోనే.

కెవిన్ పోయింది అమెరికాలో, బోస్టన్‌లో, విరాళాల కోసం తిరుగుతూ. శవాన్ని ఐర్లండ్ తెచ్చి డండాక్ దగ్గర మౌంట్ ఆలివర్ మఠంలో పాతిపెట్టారు. ఉగాండా కాథలిక్కులు ఊరుకోలేదు, ఆమె మా మనిషి, మాకు కావాలి అన్నారు. అదే ఏడాది డిసెంబరులో ఆమెని న్కోకొంజేరుకి తీసుకెళ్ళారు. ఆమె 1942లో స్థాపించిన నమగుంగా బాలికల కాలేజీలో చదివిన స్పెసియోసా వాండిరా కజీబ్వే 1994 నుంచి 2003 దాకా ఆ దేశ ఉపాధ్యక్షురాలు. ఆసుపత్రి ఇప్పుడు కంపాలా ఆర్చ్‌డయాసిస్‌ది. లిటిల్ సిస్టర్స్ తూర్పు ఆఫ్రికా అంతా ఉన్నారు. ఐరిష్ వాళ్ళు వెళ్ళిపోయాక కూడా ఏది నిలిచింది అని చూస్తే ఈ సంబంధంలో ఏది గట్టిదో, ఏది పైపై పూతో తెలిసిపోతుంది. ఇకపై ప్రతిదాన్నీ నేను ఈ ప్రశ్నతోనే చూస్తాను.

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన సంగతి కూడా చెప్పాలి. మా ఆఫీసులో మసాకా వైపు నుంచి వచ్చిన ఒక ఉగాండా అతను ఉన్నాడు. ఐరిష్ సిస్టర్లంటే అతనికి చేతులెత్తి మొక్కేంత గౌరవం. మా ఐరిష్ కొలీగ్స్‌కి ఆ మాట వింటేనే ముఖాలు మారిపోతాయి. కారణం లేకపోలేదు. పెళ్ళికాని తల్లుల్ని దాచిపెట్టిన గృహాల మీద విచారణ కమిషన్ నివేదిక 2021 జనవరిలో వచ్చింది. 18 గృహాల్లో, సుమారు 76 ఏళ్ళలో, దాదాపు 9,000 మంది పిల్లలు చనిపోయారని తేల్చింది. ఆ గృహాల్లో చాలావాటిని నడిపింది సిస్టర్లే. అదే కాలం, అదే చర్చి. అక్కడ మామిడిచెట్టు కింద కాన్పుల గురించి ఆలోచించిన చర్చి, ఇక్కడ కాన్పైన అమ్మాయి మొహం ఊళ్ళో కనిపించకూడదు అంది. సంఘాలు వేరు, మనుషులు వేరు, ఒకరి పాపం ఇంకొకరికి అంటగట్టలేం. కానీ ఉగాండాలో మా మిషనరీలు ఎంత సేవ చేశారో అని ఐర్లండ్ గర్వపడేటప్పుడు ఈ రెండో పేజీ కూడా తెరిచి ఉంచాలి. ఆ ఉగాండా అతనికి ఒకసారి లంచ్ దగ్గర ఇదంతా చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా అమ్మని బతికించింది మాత్రం వాళ్ళే," అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

అతను అన్నది కిటోవు ఆసుపత్రి గురించి. 1980ల్లో మసాకా, రకాయ్ ప్రాంతాల్ని ఎయిడ్స్ పీల్చి పిప్పి చేసింది. మందు లేదు, మంచాలు చాలవు. మెడికల్ మిషనరీస్ ఆఫ్ మేరీ అనే ఐరిష్ సంఘం అక్కడ 1987లో ఇంటింటికీ వెళ్ళి చూసే పద్ధతి మొదలుపెట్టింది. కార్క్ కౌంటీ యాల్ నుంచి వచ్చిన డాక్టరు సిస్టర్ మోరా లించ్ కూడా ఆ ఏడాదే కిటోవు చేరింది. కాన్పు రోజుల తరబడి ఆగిపోతే బిడ్డ తల ఒత్తిడికి మూత్రాశయం గోడ చచ్చుబడి చిల్లు పడుతుంది. ఆ తర్వాత మూత్రం ఆగదు, వాసన ఆగదు. మొగుడు వదిలేస్తాడు, బస్సు ఎక్కనివ్వరు. ఆపరేషన్ చేస్తే చాలాసార్లు నయమవుతుంది, కాకపోతే ఓపికా చేయితిరిగినతనమూ కావాలి. వెయ్యి మందికి పైగా ఆడవాళ్ళకి ఆమె ఆ ఆపరేషన్ చేసింది, స్థానిక డాక్టర్లకి నేర్పింది. 2017లో పోయింది. రాయబారుల డిన్నర్లు, ఒప్పందాల ఫొటోలు అన్నీ కలిపినా ఇందులో ఒక్క ఆపరేషన్‌కి సాటిరావని నా అభిప్రాయం. సెంటిమెంట్ అనుకుంటే అనుకోండి.

సిస్టర్ల సంగతి పక్కనపెడితే, ఈ రెండు దేశాల మధ్య నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ ఒక ఒంటికన్ను సర్జన్‌ది. డెనిస్ బర్కిట్ 1911లో ఎన్నిస్కిలెన్‌లో పుట్టాడు. 11 ఏళ్ళప్పుడు దెబ్బ తగిలి ఒక కన్ను పోయింది. డబ్లిన్ ట్రినిటీలో చదివి 1946లో ఉగాండా వెళ్ళాడు, మొదట లీరా, తర్వాత కంపాలా ములాగో ఆసుపత్రి. 1957లో ఐదేళ్ళ పిల్లాడొకడు దవడలు నాలుగు వైపులా ఉబ్బిపోయి వచ్చాడు. ఇన్ఫెక్షన్ కాదు, ఒక చోటి కేన్సర్ నాలుగు చోట్లకి అలా సమంగా పాకదు. కొద్ది వారాల తర్వాత జింజాలో మరో పాప, అదే ముఖం. పాత రికార్డులు తిరగేస్తే ఇలాంటి పిల్లలు వరసగా బయటపడ్డారు. 1958లో పేపరు రాశాడు. ఇప్పుడు ప్రపంచమంతా ఆ కేన్సర్‌ని బర్కిట్ లింఫోమా అంటోంది.

అతను ల్యాబ్‌లో కూర్చునే మనిషి కాదు. ఆఫ్రికా అంతటా ఆసుపత్రులకి ఫొటోలు, ప్రశ్నలు పోస్టులో పంపించాడు, ఇలాంటి కేసులు మీ దగ్గర చూశారా అని. జవాబుల్ని మ్యాపు మీద గుర్తులు పెట్టుకుంటూ పోతే భూమధ్యరేఖకి అటూ ఇటూ ఒక పట్టీ కనిపించింది. ఆ పట్టీ అంచు ఎక్కడో తేల్చుకోవడానికి 1961లో ఇద్దరు స్నేహితులతో ఒక పాత ఫోర్డ్ స్టేషన్ వ్యాగన్‌లో బయల్దేరి, పది వారాల్లో సుమారు 16,000 కిలోమీటర్లు తిరిగాడు. చలి ఎక్కువున్న ఎత్తు ప్రాంతాల్లో జబ్బు లేదు, వానలు తక్కువున్న చోట లేదు. మలేరియా దోమ ఉండే చోటే ఉంది. ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. బర్కిట్ నాన్న ఫెర్మానా కౌంటీ సర్వేయరు. రాబిన్ పిట్టల కాళ్ళకి రింగులు తొడిగి ఏ పిట్ట సరిహద్దు ఎక్కడో మ్యాపు గీసిన తొలి మనుషుల్లో ఒకడు. నాన్న పిట్టల ఇలాకాలు గీస్తే కొడుకు కేన్సర్ ఇలాకా గీశాడు.

అదే ఏడాది లండన్‌లో బర్కిట్ ఉపన్యాసం విన్న ఆంథొనీ ఎప్‌స్టీన్ దీని వెనక వైరస్ ఉండొచ్చనుకున్నాడు. అప్పటి నుంచి కంపాలా పిల్లల గడ్డల ముక్కలు విమానాల్లో లండన్‌కి వెళ్ళడం మొదలైంది. ఒకసారి పొగమంచు వల్ల విమానం మాంచెస్టర్‌లో దిగింది. ముక్క చేరేసరికి సీసాలో ద్రవం మసకబారి ఉంది. పాడైపోయిందని పారేసేవాళ్ళే, సూక్ష్మదర్శిని కింద పెడితే ఆ మసక అంతా బతికున్న కేన్సర్ కణాలు. 1964లో వైరస్ దొరికింది, మనిషిలో కేన్సర్‌తో ముడిపడిన మొదటి వైరస్. ఎప్‌స్టీన్-బార్ వైరస్ అనే ఆ పేరులోని బార్, ఐర్లండ్‌లోని కార్లోలో పుట్టి ట్రినిటీలో జువాలజీ చదివిన ఇవాన్ బార్. ఐర్లండ్‌లో ఆమె పేరు తెలిసినవాళ్ళు నాకు ఇప్పటిదాకా ఇద్దరో ముగ్గురో తగిలారు.

సరే, నా ప్రశ్న ఇక్కడ కూడా అడగాలి కదా. బర్కిట్ 1960ల్లో వెళ్ళిపోయాడు, తర్వాత ఏం మిగిలింది? 1967లో ములాగోలో లింఫోమా కేంద్రం మొదలైంది, అదే ఇవాళ్టి ఉగాండా కేన్సర్ ఇన్‌స్టిట్యూట్. దాన్ని నిలబెట్టినవాళ్ళలో తూర్పు ఆఫ్రికా నుంచి మొదటి ఎఫ్‌ఆర్‌సీఎస్ సర్జన్ సెబాస్టియన్ క్యాల్వాజీ ఒకరు. 1972లో నియంత ఈదీ అమీన్ దెబ్బకి అమెరికన్ డాక్టర్లు సర్దుకుని వెళ్ళిపోయారు. చార్ల్స్ ఓల్వెనీ అనే ఉగాండా డాక్టరు ఉండిపోయాడు. మందులు దొరకవు, రోడ్డు మీద సైనికులు, దేశంలో ఇంకో కేన్సర్ డాక్టరు లేడు. ఆ రోజుల్లో కేంద్రాన్ని మూతపడనివ్వలేదు. వైద్య విద్యార్థి ఎవరైనా బర్కిట్ పేరు చెప్తాడు, ఓల్వెనీ పేరు చెప్పేవాణ్ణి చూపించండి. ఐర్లండ్ వాళ్ళ గర్వంలో నాకు కనిపించే లోపం ఇదే. మొదలుపెట్టినవాడి పేరుతో జబ్బు ఉంది, కాపాడినవాడి పేరు ఇక్కడ ఎవరి నోటా వినపడదు.

కార్లో పేరు వచ్చింది కాబట్టి ఒక చిన్న పక్కదారి. అదే కార్లోలో ఓక్ పార్క్ వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది. 1845 నాటి ఆ బంగాళాదుంప తెగులుని తట్టుకునే జన్యుమార్పిడి దుంప మీద అక్కడ 2012లో పొలం పరీక్షలు మొదలుపెట్టారు. ఉగాండా నైరుతి మూలన కబాలే కొండల్లో కూడా బంగాళాదుంపే బతుకు, అదే తెగులు, వానాకాలంలో వారం వారం మందు కొట్టాల్సిందే. అక్కడి శాస్త్రవేత్తలు కూడా రైతులకి అలవాటైన విక్టోరియా రకంలో తెగులుని తట్టుకునే జన్యువులు పెట్టి పరీక్షించారు. ఆ దుంపని ఉగాండా హోటళ్ళలో ఇప్పటికీ ఐరిష్ అనే అంటారు. సాటి బాధితులం అనే మాటకి నిజంగా ఎక్కడైనా అర్థముంటే ఈ తెగులు దగ్గర ఉంది. ఉపన్యాసాల్లో మాత్రం ఎప్పుడూ 1847 నాటి ఆకలి గురించే మాట్లాడతారు గానీ ఈ ఏడాది పంట గురించి మాట్లాడరు.

ఇక రాజకీయాలు. 2002 మార్చి 21న ఉగాండా ఈశాన్య మూలన కరమోజాలో గాల్వే నుంచి వచ్చిన యువ మిల్‌హిల్ ఫాదర్ డెక్లన్ ఓటూల్‌ని, అతని డ్రైవర్ని, వంటవాణ్ణి సైనికులు కాల్చి చంపారు. పశువుల దోపిడీలు ఆపడానికి సైన్యం అక్కడ జనం దగ్గర తుపాకులు లాక్కుంటున్న సమయం. ఆ పేరుతో జరుగుతున్న దెబ్బల గురించి ఈ ఫాదర్ అంతకుముందే ఫిర్యాదు చేసి ఉన్నాడు. నాలుగు రోజుల్లో, కొన్ని గంటల సైనిక విచారణతో, ఇద్దరు సైనికుల్ని జనం ముందు కాల్చేశారు. న్యాయం జరిగిందా? ఎవరైనా పైనుంచి చెప్పారా అన్న ప్రశ్నకి జవాబు చెప్పగలిగిన ఇద్దరి నోళ్ళూ మూతపడ్డాయి. ఐర్లండ్ సుమారు తొమ్మిది నెలల ముందు, 2001 జూన్ రిఫరెండంలో, మరణశిక్షని రాజ్యాంగంలోంచే తీసేసింది. తమ మనిషిని చంపినందుకు తాము అసహ్యించుకునే శిక్ష వేశారన్నమాట. ఇది కంపాలా చూపిన మర్యాదో, ఫైలు మూసేయడమో నేను చెప్పను, మీరే అనుకోండి.

2023లో ఉగాండా స్వలింగ సంపర్కుల మీద కొన్ని సందర్భాల్లో మరణశిక్ష దాకా వెళ్ళే చట్టం చేసినప్పుడు ఐర్లండ్ గట్టిగా ఖండించింది. ఖండించాల్సిందే. అయితే ఐర్లండ్‌లో 1861 నాటి బ్రిటిష్ చట్టం కింద అది 1993 దాకా నేరమే. ఒక పౌరుడు యూరప్ మానవ హక్కుల కోర్టు దాకా వెళ్ళి 1988లో గెలిస్తే, ఆ తర్వాత ఐదేళ్ళకి గానీ పార్లమెంటు కదల్లేదు. ఉగాండాలో కూడా ఈ నేరానికి మూలం బ్రిటిష్ శిక్షాస్మృతే. పాఠం చెప్పే గొంతుతో కాకుండా, మాకు ఇంత ఆలస్యం ఎందుకైంది, అడ్డుపడింది ఎవరు అని తమ కథ చెప్తే అక్కడ కోర్టులకెక్కుతున్న లాయర్లకి ఎక్కువ ఉపయోగం. ఆ అడ్డుపడినవాళ్ళలో ఉగాండాకి సిస్టర్లని పంపిన చర్చి ముందు వరసలో ఉంది. బహుశా అందుకే ఆ కథ చెప్పడం కష్టం.

నా అసలు గొడవ డబ్బు దగ్గర ఉంది. 1994 నుంచి ఉగాండా ఐర్లండ్ సాయానికి ముఖ్యమైన దేశాల్లో ఒకటి. 2012లో ఉత్తర ఉగాండా పునర్నిర్మాణానికి ఇచ్చిన డబ్బులో 40 లక్షల యూరోలు ప్రధానమంత్రి కార్యాలయంలో పక్కదారి పట్టాయని బయటపడింది. అప్పుడు ఐర్లండ్ పరిస్థితి ఏమిటి? బ్యాంకులు కూలి, 2010లో ఐఎంఎఫ్ దగ్గర చెయ్యి చాపి, జీతాలు కోసుకుంటున్న దేశం. జనానికి ఒళ్ళు మండింది. విదేశాంగ మంత్రి ఏమన్ గిల్మోర్ ప్రభుత్వం ద్వారా వెళ్ళే సాయం ఆపేశాడు. 2013 మొదట్లో ఉగాండా ఆ 40 లక్షలూ తిరిగి కట్టింది. ఇక్కడిదాకా అందరికీ తెలుసు.

ఆ దొంగతనాన్ని పట్టుకున్నది ఎవరు? ఐరిష్ ఆడిటరు కాదు, యూరప్ పత్రికా కాదు. ఉగాండా అప్పటి ఆడిటర్ జనరల్ జాన్ మువాంగా. తన ప్రభుత్వంలో, ప్రధానమంత్రి కార్యాలయంలో జరిగినదాన్ని, తన సంతకంతో బయటపెట్టాడు. నా ప్రశ్న ప్రకారం చూస్తే సాయం డబ్బుతో ఆ దేశంలో నిలబడ్డ అతి విలువైన వస్తువు ఆ ఆఫీసే. దానికి బహుమానం ఏమిటి? డబ్బు ఆ ప్రభుత్వం చేతికి ఇవ్వం, స్వచ్ఛంద సంస్థల ద్వారా, అంతర్జాతీయ సంస్థల ద్వారా ఖర్చు పెడతాం అన్నారు. ఖజానాలోకి రాని డబ్బు ఆ ఆడిటర్ కళ్ళకి కనిపించదు. దొంగని పట్టుకున్న వాచ్‌మన్‌నే గేటు నుంచి తప్పించినట్టయింది.

స్వచ్ఛంద సంస్థలు కడిగిన ముత్యాలా అంటే అదీ కాదు. 1991లో లిమరిక్‌లో మొదలై, ఉగాండా పేద కుటుంబాలకి ఐరిష్ పాడి ఆవుల్ని విమానాల్లో పంపి పేరు తెచ్చుకున్న సంస్థ బోహర్. ప్రతి క్రిస్మస్‌కీ ఇక్కడి రైతులు, బడిపిల్లలు దానికి డబ్బులిచ్చేవారు. 2021లో ఆ సంస్థే తన మాజీ ముఖ్య అధికారి మీద డబ్బు మింగాడని డబ్లిన్ హైకోర్టుకెక్కింది, ఆయన కొంత ఒప్పుకున్నాడు కూడా. అప్పుడు ఐర్లండ్‌కి సాయం ఆపేయాలని ఎవరూ అనలేదు. ఐరిష్ వాళ్ళందరూ ఇంతే అని కూడా ఎవరూ అనలేదు. చట్టం తన పని తాను చేస్తుందన్నారు. మువాంగా చేసింది కూడా చట్టం పనే కదా?

మా అబ్బాయి స్కూల్లో ఈస్టర్ ముందు నలభై రోజులకి ఒక అట్టపెట్టె ఇస్తారు, ట్రోకరా పెట్టె. మడిచి డబ్బా చేసుకుని బల్ల మీద పెట్టాలి, చిల్లర వెయ్యాలి. 1973 నుంచి ఈ దేశంలో ప్రతి ఇంట్లో ఉండే వస్తువిది. దాని మీద ఏదో ఒక దేశపు పిల్ల ముఖం ఉంటుంది. "నాన్నా, ఈ డబ్బు ఆ పాపకే వెళ్తుందా?" అని అడిగాడు. ఆ పాపకి కాదురా, వాళ్ళ ఊరి పనికి అన్నాను. "సరిగ్గా ఖర్చుపెట్టారో లేదో ఎవరు చూస్తారు?" ఇక్కడివాళ్ళు చూస్తారు అన్నాను. "మరి ఆ ఊరివాళ్ళు చూడరా?" అన్నాడు. ఇదే ప్రశ్న డబ్లిన్ విదేశాంగ శాఖని అడగాలని ఉంది.

నేను అడిగేది పెద్ద విప్లవమేమీ కాదు. కరమోజాలో ఐర్లండ్ డబ్బుతో కట్టే ప్రతి బడి, ప్రతి ఆసుపత్రి లెక్కనీ ఉగాండా ఆడిటర్ జనరల్‌కి చూపించే షరతు పెట్టండి, ఖర్చుపెట్టేది ఏ సంస్థ అయినా సరే. ఆ ఆఫీసుకి మనుషుల్ని, శిక్షణని, కావాలంటే లాయర్ ఖర్చుల్ని కూడా ఇవ్వండి. ఆయన రాసిన నివేదికని డబ్లిన్ పార్లమెంటు కమిటీ ముందు పెట్టి, ఆయన్నే పిలిచి మాట్లాడించండి. వీలైతే ఐరిష్ సంస్థల లెక్కల గురించి ఆయన ఏమనుకుంటున్నారో కూడా అడగండి.